వయస్సు కాగితం ఎవరి చేతిలో ఉంది?



మిల్లు గేటు దాటి లోపలికి వచ్చే ప్రతి ఆడపిల్ల చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఆ కాగితం మీద ఒక వయస్సు రాసి ఉంటుంది. పదహారేళ్ల పిల్ల ఆ కాగితంలో పంతొమ్మిదేళ్ల మనిషి అవుతుంది. బ్రోకరు రాయిస్తాడు, ఎవరో డాక్టరు సంతకం పెడతాడు, టైం ఆఫీసు గుమాస్తా చూసీ చూడనట్లు ఫైలులో పెడతాడు. ఇంటి అప్పు తీరుతుంది కదా అని కన్నవాళ్లు కూడా నోరు మెదపరు. మూడేళ్లు హాస్టల్లో ఉండి పనిచేస్తే చివర పెళ్లి ఖర్చుకు ఒక మొత్తం ఇస్తామని ఆశ చూపిన సుమంగళి పథకం ఎన్ని వందల ఇళ్ల నుంచి పిల్లలను ఇలాగే లాక్కొచ్చిందో కోయంబత్తూరు, మదురై, దిండిగల్ ప్రాంతాల వారికి మేము చెప్పనక్కరలేదు.

ఈ అబద్ధం వల్ల నష్టం జీతం దగ్గరా, పని గంటల దగ్గరా ఆగుతుందని చాలాకాలం మేమూ అనుకున్నాం. మా ఆలోచన పొరపాటు. ఆ పిల్ల మీద అఘాయిత్యం జరిగిన రోజున, కోర్టు ఆ నేరాన్ని ఏ పేరుతో పిలవాలో, ఏ సెక్షను కింద విచారించాలో కూడా ఆ కాగితం మీదనే ఆధారపడవచ్చు. ఈ సంచికలో ఆ సంగతే రాయదలిచాం.

కొంతకాలం క్రితం ఒక తల్లి మా సంఘం ఆఫీసుకు వచ్చింది. ఊరు పేరు, మిల్లు పేరు రాయము. రాస్తే ఆ బిడ్డ ఎవరో తెలిసిపోతుంది, అది చట్టరీత్యా కూడా నేరం. కూతురు కోన్ వైండింగులో పని చేస్తోంది. రాత్రి షిఫ్టులో సూపర్‌వైజరు చేసిన పని చెప్పడానికి ఆ తల్లికి మాటలు రాలేదు. మిల్లు రిజిస్టరులో పిల్ల వయస్సు 19. "మేజరు కదమ్మా, ఇష్టపడే వెళ్లి ఉంటుంది" అని ఆఫీసులో అన్నారట. మేము అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "అమ్మా, పదో తరగతి మార్కుల పత్రం ఇంట్లో ఉందా?" ఉంది. బియ్యం డబ్బాలో మడిచి పెట్టి ఉంది. అందులోని పుట్టిన తేదీ ప్రకారం ఆ పిల్లకు పదహారు నిండి నాలుగు నెలలు. ఆ పత్రం లేకపోతే కేసు ఏ దారిన పోయేదో తలచుకుంటే ఇప్పటికీ మాకు గుండె దడ పుడుతుంది.

ఎందుకంటే 2012 నవంబరు 14 నుంచి అమలులో ఉన్న పోక్సో చట్టం 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరినీ బిడ్డగానే చూస్తుంది. ఆడపిల్లలనే కాదు, మగపిల్లలను కూడా. బిడ్డ విషయంలో "ఇష్టపడిందా లేదా" అనే ప్రశ్నకు తావు లేదు. 18 దాటిందంటే మాత్రం మొదటి ప్రశ్న అదే. ఎందుకు అరవలేదు, ఎందుకు ఆ రోజే చెప్పలేదు, అంతకుముందు అతనితో ఎందుకు మాట్లాడావు అంటూ వకీలు ఒక్కొక్కటే అడుగుతాడు. పోక్సో చట్టంలో మరో రక్షణ ఉంది. ముఖ్యమైన నేరాల్లో, నిందితుడు నేరం చేశాడనే భావనతో కోర్టు విచారణ మొదలుపెడుతుంది, చేయలేదని చూపించుకోవలసింది అతనే. కానీ ఆ భావన పనిచేయాలంటే ముందు ప్రభుత్వ పక్షం ఒక సంగతి రుజువు చేయాలి: ఆ రోజున ఆమె వయస్సు 18 లోపు అని. ఆ ఒక్క మెట్టు దగ్గర జారితే పైనున్న రక్షణలన్నీ జారిపోతాయి.

వయస్సు దగ్గర కేసు జారిపోవడం కొత్త సంగతి కాదు. 1972 మార్చిలో మహారాష్ట్రలో, అప్పటి చంద్రాపూర్ జిల్లా దేశాయిగంజ్ పోలీసు స్టేషనులో, కూలి పని చేసుకునే ఒక ఆదివాసీ బాలికపై ఇద్దరు పోలీసులు చేసిన అఘాయిత్యం "మథుర కేసు"గా దేశమంతా తెలిసింది. బాధితుల పేర్లు అచ్చు వేయరాదనే నిబంధన 1983 వరకు లేదు, అందుకే ఆ పేరు అలా నిలిచిపోయింది. డాక్టరు ఆమె వయస్సు 14, 16 మధ్య అన్నాడు. అప్పటి చట్టంలో గీత 16 దగ్గర ఉండేది. 16 లోపు అని తేలితే ఆమె ఇష్టాయిష్టాల ప్రసక్తే వచ్చేది కాదు. సెషన్స్ కోర్టు ఆ వయస్సు రుజువు కాలేదన్నది. ఇక మిగిలినది ఆమె నడవడి మీద విచారణే. హైకోర్టు శిక్ష వేసినా, 1978లో సుప్రీంకోర్టు ఒంటిమీద గాయాలు లేవంటూ ఇద్దరినీ విడిచిపెట్టింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు, మహిళా సంఘాలు వీధికెక్కాయి, 1983లో చట్టం మారింది. ఆ కూలి పిల్లకు పుట్టిన తేదీ కాగితం ఒకటి ఉండి ఉంటే కథ వేరుగా నడిచేది కాదా?

ఇంకా వెనక్కు వెళదాం. 1860 నాటి శిక్షాస్మృతిలో ఈ గీత పదేళ్ల దగ్గర ఉండేది. 1890లో కలకత్తాలో ఫుల్‌మణి అనే పదకొండేళ్ల బాలిక, ముప్పై దాటిన భర్త చేసిన పని వల్ల చనిపోతే, పిల్లకు పది నిండాయి గనుక, భార్య గనుక, అది అత్యాచారం కిందకు రాలేదు. నిర్లక్ష్యంగా తీవ్ర గాయం చేసిన నేరం కింద అతనికి ఏడాది శిక్ష పడింది. ఆ అలజడి తరువాత 1891లో గీతను 12కు పెంచారు. మిల్లు కార్మికులు ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి. అదే 1891లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ఫ్యాక్టరీలో పనికి పెట్టదగిన కనీస వయస్సును 7 నుంచి 9 ఏళ్లకు పెంచారు. తరువాత ఒక గీత 1925లో 14కు, ఆపై 16కు, 2012లో పోక్సోతో 18కి వచ్చింది. రెండోది 1922లో 12కు, 1948లో 14కు వచ్చింది. బిడ్డ అంటే ఎవరు అన్న ప్రశ్న మిల్లు గేటు దగ్గరా కోర్టు గది దగ్గరా ఒకే కాలంలో నలిగింది. మిల్లు గేటు దగ్గర ఆ గీతను చెరిపితే కోర్టులో కూడా చెరిగిపోతుందని మేము అనడానికి కారణం ఇదే.

ఇప్పటి నిబంధన చూడండి. వయస్సు తేల్చడానికి కోర్టులు 2015 బాల నేరస్థుల న్యాయ చట్టంలోని 94వ సెక్షనును అనుసరిస్తాయి. మొదట బడి ఇచ్చే పుట్టిన తేదీ ధ్రువపత్రం లేక పరీక్షల బోర్డు ఇచ్చే మెట్రిక్యులేషన్ ధ్రువపత్రం. అవి లేకపోతే కార్పొరేషన్, మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం. అవేవీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఎముకల పరీక్ష ఒక అంచనా మాత్రమే, ఏడాది రెండేళ్లు అటూ ఇటూ కావచ్చు. ఆ అనుమానం లాభం చాలా కేసుల్లో నిందితుడికే పోతుంది. 2023 జులైలో మన తమిళనాడు నుంచే వెళ్లిన యువప్రకాశ్ కేసులో, బడి మార్పిడి సర్టిఫికెట్టు, అంటే మనం టీసీ అనేది, ఈ నిబంధన కింద చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. వయస్సు రుజువు కాలేదని పోక్సో శిక్షను రద్దు చేసింది. ఆ కేసులో ఆ తీర్పు తప్పని మేము అనడం లేదు. చెల్లే పత్రం చూపవలసిన బాధ్యత ప్రభుత్వ పక్షానిదే. కానీ మనలో ఎందరి ఇళ్లలో టీసీ తప్ప మరో కాగితం లేదు? ఆధార్ కార్డు ఉంది కదా అనవచ్చు. అది మనిషి గుర్తింపుకే గానీ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో చెప్పింది.

2010 అక్టోబరులో కోయంబత్తూరులో బడికి బయలుదేరిన పదేళ్ల పాపను, ఏడేళ్ల తమ్ముణ్ణి వ్యానులో ఎత్తుకుపోయి చంపిన ఘోరాన్ని ఎవరూ మరిచిపోలేదు. నిందితుల్లో ఒకడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. రెండోవాడి మరణశిక్షను 2019లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అప్పుడు ఊరు ఊరంతా ఒక్కటైంది. పదేళ్ల బిడ్డ వయస్సు గురించి కోర్టులో ఎవరూ తగవు పెట్టలేరు. మిల్లు హాస్టళ్లలో ఉన్న పిల్లలు 15, 16, 17 ఏళ్లవారు. తగవంతా ఆ గీతకు దగ్గరగా ఉన్నవారి మీదనే నడుస్తుంది. వారి కోసం ఊరు ఏకం కాదు. వారి కోసం కాగితమైనా ఉండాలి.

వయస్సు తేలిన తరువాత రెండో ప్రశ్న: జరిగినదానికి ఏ సెక్షను? ఒంటి మీద తప్పుడు ఉద్దేశంతో చేయి వేస్తే పోక్సోలో అది "లైంగిక దాడి", 3 నుంచి 5 ఏళ్ల శిక్ష. మాటలతో, సైగలతో, వెంటపడి వేధిస్తే "లైంగిక వేధింపు", 3 ఏళ్ల వరకు. అత్యాచారం స్థాయి నేరమైతే 2019 సవరణ తరువాత కనీసం 10 ఏళ్లు, బిడ్డకు 16 నిండకపోతే కనీసం 20 ఏళ్లు. ఆ నేరమే బిడ్డ మీద అధికారం గలవాడు, నమ్మకంతో అప్పగించబడినవాడు చేస్తే "తీవ్ర" తరగతి కిందకు వచ్చి కనీసం 20 ఏళ్లు. పోలీసు, బడి సిబ్బంది, ఆసుపత్రి సిబ్బంది, దగ్గరి బంధువు ఈ తరగతిలో ఉన్నారు. హాస్టలు వార్డెను, షిఫ్టు సూపర్‌వైజరు, పిల్లలను తీసుకొచ్చే బ్రోకరు ఆ అధికార స్థానంలో ఉన్నవారు కాదా? ఎఫ్ఐఆర్‌లో ఆ సంబంధం రాయకపోతే కేసు కింది తరగతిలోనే నమోదు కావచ్చు. "ఒక మగవాడు" అని రాస్తే ఒక సెక్షను. "నా షిఫ్టు సూపర్‌వైజరు, లీవు ఇచ్చేది అతనే" అని రాస్తే మరో సెక్షను.

పేరు మారితే శిక్ష ఎలా మారుతుందో 2021లో చూశాం. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, పన్నెండేళ్ల పాప ఛాతీని బట్టల మీద నుంచి నొక్కడం పోక్సో కింద లైంగిక దాడి కాదని, చర్మానికి చర్మం తగలలేదని చెప్పింది. మూడేళ్ల శిక్షను తీసివేసి, స్త్రీ మర్యాదకు భంగం కలిగించిన మామూలు సెక్షను కింద ఏడాదికి తగ్గించింది. భారత ప్రభుత్వ అటార్నీ జనరలే సుప్రీంకోర్టుకు వెళ్లవలసి వచ్చింది. ఆ ఏడాది నవంబరు 18న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. చూడవలసినది తప్పుడు ఉద్దేశాన్ని, బట్ట అడ్డం ఉందా లేదా అన్నది కాదు అని తేల్చింది. "చేయి తగిలింది, అంతేగా" అని మిల్లులో మాట్లాడేవారు ఈ తీర్పును గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన పేటల్లో మొదట వినబడే మాట: "బయటకు చెప్పకండి, మనవాళ్లే కదా." పీలమేడు, సింగానల్లూరు లైను ఇళ్లలోనూ, మదురై హార్వీపట్టి వైపూ తరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. యజమానిదీ తెలుగే కావచ్చు, మేస్త్రీదీ తెలుగే, ఊడ్చే అరుంధతియ కార్మికురాలిదీ తెలుగే. జీతం పెంచమని అడిగినప్పుడు మనవాళ్లని ఎవరికీ గుర్తుకు రాదు. బిడ్డకు అన్యాయం జరిగినప్పుడు మాత్రం భాష, బంధుత్వం, పరువు అన్నీ ఒక్కసారిగా గుర్తుకు వస్తాయి. రాత్రికి రాత్రి కట్టపంచాయతీ కూర్చుంటుంది. ఇంత డబ్బు ఇస్తాడు, కాగితం మీద వేలిముద్ర పెట్టండి అంటారు. ఆ వేలిముద్రకు చట్టంలో విలువ లేదు. రాజస్థాన్‌లో విద్యార్థినిని తాకిన టీచరుపై కేసును ఇరుపక్షాలూ రాజీపడ్డాయని హైకోర్టు కొట్టివేస్తే, 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. ఇది ఇద్దరు మనుషుల మధ్య తగవు కాదు, సమాజం మీద జరిగిన నేరం. బిడ్డ దళిత కుటుంబానిదై, నేరం చేసినవాడు దళితుడు కాకపోతే, పోక్సోతో పాటు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్లు కూడా పెట్టించాలి. ఒకే భాష మాట్లాడతారన్న కారణంతో ఆ సెక్షను వదిలేయడానికి ఎవరికీ హక్కు లేదు.

దాచడం కూడా నేరమే. నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో 19వ సెక్షను చెబుతోంది. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని కంపెనీ లేక సంస్థ నడిపేవాడు చెప్పకపోతే ఏడాది వరకు. చంద్రాపూర్ జిల్లాలోనే, రాజురాలో ఒక బడి హాస్టల్లో ఆదివాసీ బాలికల మీద జరిగిన నేరాలు తెలిసీ చెప్పలేదని వారికి వైద్యం చేసిన డాక్టరు మీద కేసు పెట్టారు. హైకోర్టు దాన్ని కొట్టివేస్తే, 2022 నవంబరులో సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది. మిల్లు హాస్టలు వార్డెనులూ, మిల్లు డాక్టర్లూ, మేనేజర్లూ ఇది చదవాలి. మిల్లు లోపలి ఫిర్యాదుల కమిటీకి చెప్పాం, విచారణ జరుగుతోంది అంటే సరిపోదు. 2013 చట్టం కింద ఆ కమిటీ ఉండవలసిందే, కానీ బిడ్డ విషయంలో పోలీసుకు బదులు అది కాదు. ఆ కమిటీకి ఫిర్యాదు చేయడానికి ఉన్న మూడు నెలల గడువు పోలీసు కేసుకు వర్తించదు.

మరో చిక్కు భాషది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, స్టేషనులో తమిళంలో రాస్తారు. సిగ్గుతో బిడ్డ చుట్టు తిప్పి చెప్పిన మాట మరో భాషలోకి పోయేసరికి నేరమే చిన్నదైపోతుంది. ఇప్పుడు ఒడిశా, జార్ఖండ్, బీహార్ నుంచి వచ్చిన పిల్లల గతి ఇంకా కష్టం. బిడ్డకు అర్థం కాని భాషలో రాస్తున్నప్పుడు అనువాదకుణ్ణి ఇవ్వాలని చట్టమే చెబుతోంది. వాంగ్మూలం బిడ్డ ఇంటి దగ్గర లేక ఆమె కోరిన చోట, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫారం లేకుండా తీసుకోవాలి. రాత్రిపూట బిడ్డను స్టేషనులో ఉంచరాదు. కోర్టులో వకీలు ప్రశ్నలు జడ్జి ద్వారానే అడగాలి, నిందితుడు ఆమె కంటికి కనబడరాదు. విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగియాలి. మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం ప్రత్యేక కోర్టుకు ఉంది. ఇవి ఎవరి దయాదాక్షిణ్యాలూ కావు, అడిగి తీసుకోవలసిన హక్కులు.

రెండో వైపు కూడా నిజాయితీగా చెప్పాలి. పదిహేడేళ్ల అమ్మాయి, ఇరవై ఏళ్ల కుర్రాడు ఒకరినొకరు ఇష్టపడి వెళ్లిపోతే, కులం వేరని కన్నవాళ్లు ఇదే పోక్సో కేసు పెట్టడం మన పేటల్లో లేదా? 2021 జనవరిలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ఒక యువ ఆటో డ్రైవరుపై అలాంటి కేసును కొట్టివేస్తూ, కౌమార ప్రేమలను నేరాలుగా శిక్షించడం ఈ చట్టం ఉద్దేశం కాదన్నారు. కానీ చట్టంలో గీత మాత్రం 18 దగ్గరే ఉంది. వార్డెను చేసిన అఘాయిత్యమూ, తోటి కార్మికుడి ప్రేమా ఒకటి కావని మేము నమ్ముతున్నాం. కులం కోసం పోక్సోను వాడుకునేవారు నిజంగా దెబ్బతిన్న బిడ్డల మాటను కూడా చులకన చేస్తున్నారు. వారికి మా సంఘం తోడు రాదు.

నిందితుడు మన సంఘ సభ్యుడే అయితే? వకీలును పెట్టుకునే హక్కు అతనికి ఉంది. కానీ సంఘం జెండా, సంఘం నిధి, సంఘం నాయకుల రాయబారం అతని కోసం ఆ బిడ్డ గడప తొక్కరాదు. ఈ మాట మనలో కొందరికి చేదుగా ఉంటుందని తెలిసే రాస్తున్నాం.

అందువల్ల ప్రతి మిల్లు శాఖలోనూ ఈ కింది పనులు మొదలుకావాలి:

1. కొత్తగా చేరే ప్రతి అమ్మాయి, అబ్బాయి వయస్సు పత్రం బోర్డు సర్టిఫికెట్టో, జనన ధ్రువపత్రమో అయి ఉండాలి. బ్రోకరు తెచ్చిన డాక్టరు చీటీని యాజమాన్యం ఒప్పుకోరాదు. అసలు పత్రం ఇంటి దగ్గరే ఉండాలి, మిల్లు బీరువాలో కాదు.

2. జనన నమోదు లేని పిల్లలకు ఆలస్య నమోదు చేయించడానికి శాఖ కార్యదర్శులు కుటుంబాలకు తోడు వెళ్లాలి.

3. హాస్టళ్లలో పిల్లలు స్వేచ్ఛగా వాడుకునే ఫోను ఉండాలి. 1098 నంబరు తమిళం, తెలుగు, హిందీ, ఒడియాలలో గోడ మీద రాయాలి.

4. ఫిర్యాదు బిడ్డ సొంత మాటల్లో రాయించాలి. నిందితుడికి ఆమె మీద ఉన్న అధికారం ఏమిటో తప్పక రాయించాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా తీసుకోవాలి.

5. కోర్టు వాయిదాలకు వెళ్లే తల్లిదండ్రుల షిఫ్టు కూలీ పోకుండా, వారి ఉద్యోగం పోకుండా చూసే బాధ్యత సంఘానిది.

6. కట్టపంచాయతీలో కూర్చున్న సంఘ నాయకుడు ఎవరైనా సరే, పదవి నుంచి తొలగించాలి.

సోదరులారా, రేపు పొద్దున షిఫ్టుకు వెళ్లే ముందు ఇంట్లో పెట్టె తెరవండి. మీ బిడ్డ వయస్సు కాగితం ఏది, ఎక్కడుంది, అందులో రాసినది నిజమేనా అని ఒకసారి చూడండి. తప్పుగా ఉంటే సంఘం ఆఫీసుకు రండి. ఆ తప్పులో మీ చేయి ఉందని ఎవరూ మిమ్మల్ని నిలదీయరు. కరువు రాయించిన అబద్ధాన్ని సరిదిద్దుకోవడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. బిడ్డ బిడ్డేనని చెప్పే కాగితం బ్రోకరు చేతిలో కాక మన చేతిలో ఉండాలి.